నెట్ ఎవరిది ఆగింది? షాపులో పేమెంట్ ఇరుక్కుంటే ఎక్కడ ఇరుక్కుందో పట్టుకోవడం ఎలా

తెనాలిలో మా తోడల్లుడికి టిఫిన్ సెంటర్ ఉంది. పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఊపిరాడదు. సరిగ్గా ఆ టైములోనే ఎవరో ఒకరు ఫోన్ పైకెత్తి నిలబడతారు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెనక ఇంకో నలుగురు డబ్బులు కట్టడానికి ఎదురుచూస్తుంటారు, మావాడు పెనం దగ్గర నుంచే "సర్వర్ డౌనండీ, క్యాష్ ఉంటే ఇచ్చేయండి" అని కేకేస్తాడు. ఒక ఆదివారం పని లేక అక్కడే కూర్చుని చూశాను. ఏ సర్వరూ డౌన్ కాలేదు. స్కానర్ అట్టని సిగ్నల్ అందని మూల తగిలించాడు, అంతే. (అట్టని స్కానర్ అనకూడదు, స్కాన్ చేసేది ఫోన్ కదా అని చెప్పి చూశాను, ఎవరూ వినలేదు, ఇప్పుడు నేనూ స్కానర్ అనే అంటున్నాను.)

మీకు కిరాణా కొట్టో, టీ బండో, టైలరింగ్ షాపో ఉంటే ఇది మీ కోసమే. రౌటర్ గురించి, ప్రోటోకాల్స్ గురించి మీకేమీ తెలియనక్కర్లేదు, అవసరమైన చోట నేనే చెప్తాను.

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి

గిరాకీ మీ అట్టని స్కాన్ చేశాక జరిగేది ఇది. అట్ట మీదున్న క్యూఆర్‌లో డబ్బూ లేదు, ఇంటర్నెట్టూ లేదు. అందులో ఉన్నది ఒక చిన్న వాక్యం: మీ యూపీఐ ఐడీ, మీ పేరు, ఇంకో నాలుగు అక్షరాలు. ఆయన ఫోన్ దాన్ని చదువుకుని, ఆయన పిన్ తీసుకుని, ఆయన సొంత నెట్ మీద యాప్‌కి చెందిన బ్యాంకుకి పంపుతుంది. అక్కడి నుంచి ఎన్‌పీసీఐకి (యూపీఐని నడిపే సంస్థ), ఎన్‌పీసీఐ నుంచి ఆయన ఖాతా ఉన్న బ్యాంకుకి వెళ్తుంది, ఆ బ్యాంకు డబ్బు కోస్తుంది. తర్వాత మీ బ్యాంకులో జమ అవుతుంది. ఆ తర్వాతే మీ ఫోన్‌కో, సౌండ్‌బాక్స్‌కో కబురొస్తుంది.

ఇందులో మీ షాపు నెట్ ఎక్కడుంది? చివర, కబురు అందే దగ్గర మాత్రమే. మీ ఫోన్ స్విచ్ఛాఫ్‌లో ఉన్నా, మీ వైఫై చచ్చిపోయినా డబ్బు మాత్రం మీ ఖాతాలో పడుతుంది. మావాడు రెండేళ్లుగా పేమెంట్ ఇరుక్కున్నప్పుడల్లా తన ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసేవాడు. దానికీ దీనికీ సంబంధమే లేదు.

కాబట్టి ఇరుక్కున్నప్పుడు చూడాల్సింది మీ ఫోన్ కాదు, ఆయన ఫోన్. చక్రం ఆయన ఫోన్లో తిరుగుతోందా? అయితే తేడా ఆయన నెట్‌లోనో, బ్యాంకుల దారిలోనో ఉంది. ఆయన ఫోన్లో పచ్చ టిక్కు వచ్చేసి మీ దగ్గర మోత రాలేదా? అయితే తేడా మీ వైపు ఉండొచ్చు, లేదా టిక్కే దొంగది కావొచ్చు. ఈ రెండూ వేర్వేరు రోగాలు, మందులు కూడా వేరు.

చక్రం ఆయన ఫోన్లో తిరుగుతుంటే

షాపు ఖాళీగా ఉన్న టైములో రెండు మూడు కంపెనీల సిమ్‌లున్న ఫోన్లు తీసుకోండి (ఇంట్లో వాళ్ళవి, పక్క షాపు వాళ్ళవి). వైఫై ఆపేసి, స్కానర్ ఉన్న చోట నిలబడి ఏదైనా ఒక వెబ్‌సైట్ తెరవండి. తర్వాత నాలుగడుగులు బయటికొచ్చి మళ్ళీ తెరవండి. ఇనుప షట్టరు, రేకుల పైకప్పు, సెల్లారు, స్లాబు కింద లోపలి మూల, ఇవన్నీ సిగ్నల్‌ని మింగేస్తాయి. మావాడి షాపులో స్కానర్ ఫ్రిజ్ వెనక గోడకి ఉండేది. దాన్ని తీసి గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలించాం. సగానికి సగం గొడవ అక్కడే తీరిపోయింది. ఖర్చు ఒక మేకు.

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ రాకపోవడం ఇంకో రకం. గీతలు టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో చెప్తాయి, ఆ టవర్ దగ్గర ఎంత మంది క్యూలో ఉన్నారో చెప్పవు. సంత రోజు, తిరనాళ్ళ రోజు, బస్టాండు దగ్గర సాయంత్రం పూట గీతలన్నీ ఉంటాయి, ఏమీ తెరుచుకోదు. గిరాకీని పది సెకన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీయమనండి, ఫోన్ టవర్‌తో మళ్ళీ కొత్తగా మాట్లాడుకుంటుంది, చాలాసార్లు దారి దొరుకుతుంది. కుదరకపోతే మీ వైఫై ఇవ్వండి.

"వాట్సాప్ పోతోంది కదండీ, పేమెంట్ ఎందుకు పోదు?" అని అడుగుతారు. వాట్సాప్ మెసేజ్ ఒక సర్వర్‌కి పోతే చాలు, నెట్ లేకపోతే ఫోన్లో ఆగి, వచ్చాక పోతుంది, ఎవరికీ తొందర లేదు. పేమెంట్ అలా కాదు, నాలుగైదు చోట్ల తిరిగి రావాలి, దానికి గడువుంది. ఎన్‌పీసీఐ 2025 జూన్‌లో ఆ గడువుని 30 సెకన్ల నుంచి 15కి తగ్గించింది కూడా. ఇంకోటి, డబ్బు పోయే దారిలో టీసీపీ అనే పద్ధతి ఉంటుంది. మాట మొదలెట్టే ముందే "వినిపిస్తోందా" అని ఇటు నుంచి, "వినిపిస్తోంది, నా మాట వినిపిస్తోందా" అని అటు నుంచి, "ఆ, చెప్తున్నా" అని మళ్ళీ ఇటు నుంచి, మూడు మాటలు అయితేగానీ పని మొదలవదు. మధ్యలో ఒక ముక్క పోతే మళ్ళీ పంపుతుంది. నికరంగా పనిచేస్తుంది, కానీ అరకొర సిగ్నల్‌లో ఈ "మళ్ళీ పంపు" లన్నీ కలిసి తెర మీద చక్రంలా తిరుగుతుంటాయి.

వైఫై పెట్టుకుంటే ఇలా పెట్టుకోండి

రౌటర్‌ని గల్లాపెట్టె కింద పెట్టకండి. ఫ్రిజ్, ఇనుప బీరువా, మైక్రోవేవ్ పక్కన అసలే వద్దు, మైక్రోవేవ్ కూడా వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల దగ్గరే పనిచేస్తుంది కాబట్టి అది తిరిగినప్పుడల్లా వైఫై తడబడుతుంది. మనిషి తలకంటే ఎత్తులో, గిరాకీ నిలబడే వైపు పెట్టండి. రౌటర్‌లో రెండు బ్యాండ్లుంటే, 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ గోడ దాటితే నీరసపడుతుంది, 2.4 నెమ్మదైనా దూరం పోతుంది. పేమెంట్‌కి వేగం అక్కర్లేదు, ఒక పేమెంట్‌కి పోయే డేటా చాలా కొంచెం. కాబట్టి షాపుకి 2.4 చాలు. చుట్టుపక్కల షాపుల వైఫైలన్నీ ఒకే ఛానెల్ మీద కొట్టుకుంటుంటే 1, 6, 11 ఛానెళ్ళలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు, మిగతావి పడతాయి.

గిరాకీకి ఇచ్చేది వేరే గెస్ట్ నెట్‌వర్క్‌గా పెట్టండి, మీ సీసీ కెమెరా, బిల్లింగ్ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి. భద్రత దగ్గర డబ్ల్యూపీఏ2 గానీ, ఉంటే డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోండి. రౌటర్ లోపలికెళ్ళే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, చాలా షాపుల్లో అది ఇంకా పెట్టెతో వచ్చిందే ఉంటుంది.

మాకు మూడు వారాలు బుర్ర తిన్న విషయం ఒకటుంది. పొద్దున్నంతా వైఫై బ్రహ్మాండంగా ఉండేది, పదిన్నర దాటాక కొత్తగా వచ్చిన వాళ్ళెవరికీ కలిసేది కాదు, "ఐపీ అడ్రస్ తెచ్చుకుంటోంది" అన్న దగ్గరే ఆగిపోయేది. అప్పటికే కలిసున్న మా ఫోన్లు మాత్రం బాగానే పనిచేసేవి. కంపెనీ మనిషి వచ్చి, రౌటర్ పాతదైంది మార్చాలన్నాడు. అసలు సంగతి ఏంటంటే, వైఫైలోకి వచ్చిన ప్రతి ఫోన్‌కీ రౌటర్ ఒక నంబర్ చీటీ ఇస్తుంది, 192.168 తో మొదలయ్యే చీటీ. ఆ చీటీలు పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. మా రౌటర్‌లో వంద చీటీలే పెట్టి ఉన్నాయి, ఒక్కోటి 24 గంటలు చెల్లుతుంది. ఇడ్లీ తిని పావుగంటలో వెళ్ళిపోయిన మనిషి పేరు మీద కూడా ఆ చీటీ రోజంతా అలాగే ఉండిపోయేది. వందమంది తిని వెళ్ళేసరికి కట్ట అయిపోయేది. సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ దగ్గర లీజ్ టైమ్‌ని గంటకి తగ్గించాం, చీటీల సంఖ్య పెంచాం. కొత్త రౌటర్ కొనలేదు. మీ షాపులో మధ్యాహ్నానికి వైఫై కలవడం మానేస్తుంటే ముందు అక్కడే చూడండి.

కరెంటు సంగతి మర్చిపోకండి. రౌటర్ కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, కొనేముందు మీ అడాప్టర్ మీద 9 వోల్టులా 12 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు అన్నది చదివి అదే తీసుకోండి. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకున్న ఫైబర్ పెట్టెకి కూడా కరెంటు కావాలి, రౌటర్‌కొక్కదానికే పెట్టి ప్రయోజనం లేదు.

వైఫై కలిసింది, నెట్ రాదు

గుర్తు ఉంటుంది, పక్కన చిన్న ఆశ్చర్యార్థకం కూడా ఉంటుంది. ఇక్కడ రెండు మూడు కారణాలు. రౌటర్ దాకా బాగానే ఉండి, రౌటర్ నుంచి బయటికి లైను తెగి ఉండొచ్చు. రౌటర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంటే అదే, కంపెనీకి ఫోన్ చేయడం తప్ప మీరు చేసేది లేదు, ఈలోగా మొబైల్ హాట్‌స్పాట్ పెట్టండి.

లైట్లన్నీ బాగున్నాయి, అయినా ఏ సైటూ తెరుచుకోవట్లేదంటే డీఎన్‌ఎస్ చూడండి. మనం పేరు కొడతాం, ఫోన్‌కి కావాల్సింది నంబర్. పేరుకి నంబర్ వెతికిచ్చేది డీఎన్‌ఎస్. అది పలకకపోతే దారి తెరిచే ఉన్నా ఎక్కడికెళ్ళాలో ఫోన్‌కి తెలియదు. పింగ్ చేసే యాప్ (అవతలి సర్వర్‌ని పలకరించి జవాబొస్తుందో లేదో చూసేది) ఏదైనా పెట్టుకుని, గూగుల్ సర్వర్ నంబర్ అయిన 8.8.8.8 కి పింగ్ చేయండి. దానికి జవాబొచ్చి, పేరుతో కొట్టినప్పుడు రాకపోతే తప్పు డీఎన్‌ఎస్‌దే. రౌటర్‌లో డీఎన్‌ఎస్‌గా 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ ఇస్తే తీరిపోతుంది. ఒక్క ఫోన్‌లోనే ఈ తేడా ఉంటే, ఆ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని వెతకండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఇది ఉంది. యాడ్స్ రాకుండా ఉండాలని ఎవరో వీడియోలో చెప్పింది చూసి మనవాళ్ళు అక్కడ ఏదో పేరు పెట్టేసి మర్చిపోతారు, అది పనిచేయని రోజు ఫోన్లో ఏదీ తెరుచుకోదు. "ఆటోమేటిక్" లో పెట్టేయండి.

ఫోన్ తేదీ, టైమ్ తప్పుగా ఉన్నా పేమెంట్ యాప్‌లు మొరాయిస్తాయి. అవన్నీ హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తాయి, ఆ పద్ధతిలో అవతలి సర్వర్ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది, దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది. మీ ఫోన్ ఇంకా 2019లోనే ఉందనుకుంటే ఆ పత్రం దొంగదని తోసేస్తుంది. టైమ్‌ని ఆటోమేటిక్‌లో పెట్టండి.

మొబైల్ డేటాలో ఈ బాధ ఉంటే, అదీ సిమ్ కొత్త ఫోన్‌లోకి మార్చాక మొదలైతే, ఏపీఎన్ తప్పుండొచ్చు. సిమ్ కంపెనీ నెట్‌లోకి వెళ్ళే దారి పేరు అది, ఫోన్‌లో మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. జియోకి జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కి బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ అని ఉండాలి. అదే పేజీలో రీసెట్ అని ఉంటుంది, అది నొక్కినా చాలు.

టిక్కు వచ్చింది, మోత రాలేదు

సౌండ్‌బాక్స్‌ల్లో చాలావాటికి సొంత సిమ్ ఉంటుంది, మీ వైఫైతో పనిలేదు. అది కంపెనీ సర్వర్‌తో ఒక లైను ఎప్పుడూ తెరిచే ఉంచుకుంటుంది, డబ్బు పడగానే అటు నుంచి ఒక చిన్న ముక్క వస్తుంది, పెట్టె దాన్ని చదువుతుంది. ఇలాంటి పెట్టెలకి ఎక్కువగా వాడేది ఎంక్యూటీటీ అనే ప్రోటోకాల్. 1999లో దాన్ని తయారుచేసింది ఎక్కడో దూరాన ఉన్న చమురు గొట్టాల వివరాలని శాటిలైట్ మీద, తక్కువ డేటాతో, లైను తెగుతూ ఉన్నా తెచ్చుకోవడానికి. ఇప్పుడు అదే మన పెసరట్టు లెక్క చెప్తోంది.

సిగ్నల్ పోతే ఆ లైను తెగుతుంది, తిరిగొచ్చాక ఒకేసారి మూడు మోతలు వరసగా వస్తాయి. అలా తరచూ అవుతుంటే పెట్టెని గుమ్మం వైపు జరపండి, ఛార్జింగ్ చూడండి, ఆపి మళ్ళీ పెట్టండి. ఫోన్‌లోనే మోత పెట్టుకున్నవాళ్ళు బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఆంక్షలు తీసేయండి. బ్యాటరీ ఆదా చేస్తానని ఫోన్ ఆ యాప్‌ని నిద్రపుచ్చుతుంది, మీరు తెర తెరిచేదాకా ఒక్క మోతా రాదు.

మోత రాకపోతే గిరాకీ చూపించే టిక్కునో, స్క్రీన్‌షాట్‌నో చూసి వదిలేయకండి. అచ్చం అలాగే కనిపించే దొంగ యాప్‌లున్నాయి. మీ యాప్‌లో లావాదేవీల పేజీ తెరిచి కిందికి లాగి చూడండి, అక్కడ ఉంటే వచ్చినట్టే. లేకపోతే ఆయన ఫోన్లో 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ గుర్తింపు నంబర్) అడిగి, చివరి నాలుగు అంకెలు, మొత్తం, టైము రాసుకోండి. రోజూ వచ్చే మనిషయితే పంపించేయండి, ఇరవై రూపాయల టీకి గొడవెందుకు. మూడువేల సరుకైతే మాత్రం కాసేపు కూర్చోబెట్టండి, మొహమాటపడకండి.

డబ్బులు కట్ అయ్యాయి, మీకు రాలేదు

గిరాకీ కంగారుపడి ఇంకోసారి కొడతానంటాడు. ముందు ఆయన యాప్‌లో ఆ లావాదేవీ "పెండింగ్" అని ఉందా "ఫెయిల్" అని ఉందా చూడమనండి. పెండింగ్‌లో ఉంటే మళ్ళీ కొట్టొద్దు, రెండూ వచ్చేస్తే తిరిగివ్వడం మీకు ఇంకో పని. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో పెట్టిన నియమం ప్రకారం, షాపుకి కట్టినప్పుడు డబ్బు కట్ అయి షాపుకి ఖరారు కాకపోతే ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కెళ్ళాలి. మనిషి నుంచి మనిషికి పంపినదైతే మర్నాటికల్లా. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ మాట గిరాకీకి చెప్తే టెన్షన్ సగం తగ్గుతుంది. ఫిర్యాదు యాప్‌లోనే, ఆ లావాదేవీ మీద నొక్కి పెట్టాలి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేయొద్దని కూడా చెప్పండి, అక్కడ దొరికే నంబర్లలో దొంగలవి ఉంటాయి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

రెండో దారి ఒకటి ఉంచుకోండి

వేరే బ్యాంకు ఖాతాతో రెండో స్కానర్ తీసి సొరుగులో పెట్టండి. మీ బ్యాంకే పడుకున్న రోజు అది తప్ప ఇంకేదీ కాపాడదు. గిరాకీ బ్యాంకు బిజీగా ఉంటే యూపీఐ లైట్ ఉందేమో అడగండి. అందులో ముందే వేసుకున్న డబ్బు నుంచి పోతుంది, పిన్ అక్కర్లేదు, ఆ క్షణంలో బ్యాంకు ప్రధాన సిస్టమ్ దాకా వెళ్ళే పనీ లేదు. ఒక్కోసారికి వెయ్యి రూపాయల దాకా, మొత్తం ఐదువేల దాకా పెట్టుకోవచ్చు. టిఫిన్‌కి, టీకి ఇంతకంటే ఏం కావాలి, అయినా మన దగ్గర దీన్ని వాడేవాళ్ళు తక్కువే కనిపిస్తారు. నెట్ అసలే లేకపోతే *99# ఉంది, కీప్యాడ్ ఫోన్‌లోనూ పనిచేస్తుంది, 5,000 దాకా పంపొచ్చు. అన్ని నెట్‌వర్కుల్లో ఒకేలా పలకదు కాబట్టి ఖాళీ టైములో మీ సిమ్‌తో ఒకసారి చేసి చూసుకోండి. మెనూలు ఓపికగా చదవాలి, రద్దీలో నేర్చుకునే పని కాదు.

ఫోన్ మార్చినప్పుడు ఒక జాగ్రత్త. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో మొదలెట్టేటప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ తనంతట తానే పంపి, నంబర్ మీదేనని తేల్చుకుంటుంది. రీఛార్జ్ అయిపోయి ఎస్సెమ్మెస్ పోకపోయినా, రెండు సిమ్‌లుండి ఇంకోదాని నుంచి పోయినా "వెరిఫికేషన్ ఫెయిల్" అంటుంది. మీరేమో వైఫై మీద పడతారు. రీఛార్జ్ చూసుకుని, సరైన సిమ్ ఎంచుకుని మళ్ళీ చేయండి.

బోణీకి ముందు ఒక్క రూపాయి

షట్టరు తీసి, దీపం పెట్టాక, మొదటి గిరాకీ రాకముందు ఇంట్లో వాళ్ళ ఫోన్‌తో మీ స్కానర్‌కి ఒక్క రూపాయి కొట్టండి. మీ ఖాతా నుంచి మీ ఖాతాకే కొడితే పోదు, కాబట్టి వేరే ఖాతా ఉన్న ఫోన్ కావాలి. పిన్ కొట్టేముందు తెర మీద వచ్చే పేరు చదవండి. రాత్రికి రాత్రి మీ అట్ట మీద వాళ్ళ స్టిక్కర్ అంటించి పోయేవాళ్ళున్నారు, పేరు మారి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత మోత ఎన్ని సెకన్లకి వచ్చిందో చూడండి. మా తోడల్లుడి భార్య ఈ రూపాయి కొట్టే పని తీసుకుంది, మోత ఆలస్యమైన రోజు ఆవిడే పెట్టెని గుమ్మం దగ్గర స్టూలు మీదికి మార్చి, గల్లాపెట్టెలో చిల్లర ఎంతుందో లెక్కపెట్టుకుంటుంది.